మొదటి కప్పు చాయ్

ఆ రోజు ప్రెషర్ స్విచ్‌కి ఏమీ కాలేదు. అది బాగానే ఉంది.

ఈ మాట చెప్పాల్సిన రోజున నేను చెప్పలేదు. తర్వాత చెప్పడానికి వీలున్న రోజులు చాలానే వచ్చాయి. అప్పుడూ చెప్పలేదు. పైగా అది పట్టేసిందని నా నోటితో నేనే చెప్పాను. బోర్డు మీద బొమ్మ గీసి, బాణాలు పెట్టి మరీ చెప్పాను. నేను చెప్తే కాదనగలిగినవాళ్లు ఆ బిల్డింగులో ఎవరూ లేరు.

పోయిన నెలలో మల్లేశం ఫోన్ చేసి, "సార్, అన్న పోయిండు" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. నానక్‌రామ్‌గూడలో మేం పనిచేసిన టవర్లో అందరికీ అన్న ఒక్కడే. అందరికీ అంటే, నాకు తప్ప. నేను ఆయన్ని "ఇన్‌ఛార్జ్ గారూ" అనేవాణ్ణి. ఆ 'గారూ'లో గౌరవం ఎంతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

పై అంతస్తుల్లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు. కింద బేస్‌మెంట్లో మేము, అంటే కరెంటు, నీళ్లు, ఏసీ, లిఫ్టులు, మంటలార్పే పంపులు చూసే మెయింటెనెన్స్ టీము. ఆయన మా అందరికీ ఇన్‌ఛార్జ్. నేను ఆయన కింద ఇంజినీరుని. మాది తెనాలి దగ్గర. ఏసీ ప్లాంట్ల మీద చెయ్యి తిరిగినవాణ్ణని పేరు. కంప్రెసర్ చప్పుడు విని దానికేం జబ్బో చెప్పేసేవాణ్ణి. ఆయన నార్సింగి మనిషి. ఆ బిల్డింగుకి పునాదులు తవ్వుతున్నప్పుడు సిమెంటు స్టోరుకు కాపలాగా వచ్చి, బిల్డింగుతో పాటే పైకి లేచాడు. మోటారుకీ కంప్రెసరుకీ తేడా ఏమిటని ఎవరైనా ఆటపట్టిస్తే, "ఒకటి తిరుగుతది. ఇంకోటి గూడ తిరుగుతది" అనేవాడు. అలాంటి మనిషి నా పైన ఎందుకుండాలన్నది నా బాధ. అన్నంలో రాయిలా రోజూ తగిలేది.

ఆయన నడుముకి పెద్ద తాళాల గుత్తి ఉండేది. ఏ గదిలోకైనా వెళ్లేముందు దాన్ని గట్టిగా ఊపేవాడు. గలగలమని చప్పుడు ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. ఈ లోపల కునుకు తీస్తున్నవాడు లేచి కూర్చునేవాడు, ఫోనులో వీడియో చూస్తున్నవాడు జేబులో పెట్టుకునేవాడు. ఒకసారి నేను అన్నాను: "దొంగల్ని పట్టుకోవడానికి వెళ్లే పోలీసు ఈల వేసుకుంటూ వెళ్లినట్టుందండీ మీ వ్యవహారం."

"నేను దొంగలను పట్టనీకి పోతలేను తమ్మీ, మనోళ్లను కలువనీకి పోతున్న" అన్నాడు. "పండుకున్నోడు నన్ను జూసి లేస్తే వానికి రోజంత ముఖం చెల్లది. వానంతట వాడు లేస్తే పనిజేస్తడు."

నేను రబ్బరు అడుగుల బూట్లు వేసుకునేవాణ్ణి. చప్పుడు కాకుండా వెళ్లడం నాకు ఇష్టం.

ఇంకో అలవాటు. పైకి లిఫ్టులో వెళ్లేవాడు, కిందికి మాత్రం మెట్ల మీదే దిగేవాడు. ఎన్ని అంతస్తులైనా సరే. లిఫ్టులు చూసే టీముకి ఇన్‌ఛార్జ్ అయివుండి లిఫ్టంటే భయమా అని నేను నవ్వాను. "లిఫ్టుల ఎవ్వడు గలుస్తడు తమ్మీ? అందరు ఫోన్ల మొకం వెట్టి నిలవడుతరు" అన్నాడు. మెట్ల మీద ఆయనకి అందరూ కలిసేవారు. మోకాళ్లు పట్టుకుని కూర్చున్న హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, టిఫిన్ డబ్బా విప్పుకున్న సెక్యూరిటీ గార్డులు. ఏ ఫ్లోర్లో ఏ పైపు చెమరుస్తోందో, ఎవరి బిడ్డకి జ్వరమో, రెండూ ఆయనకి అక్కడే తెలిసేవి. నేను కంట్రోల్ రూములో తెర ముందు కూర్చునేవాణ్ణి. నా తెర మీద జ్వరాలు కనపడవు కదా.

పై ఫ్లోర్ల కంపెనీలవాళ్లతో మీటింగుల్లో ఆయనతో పాటు కూర్చోవడం నాకు నరకంగా ఉండేది. ఏదడిగినా మొహమాటం లేకుండా "నాకు తెల్వది సార్. ఈ తమ్మికి తెలుసు" అని నన్ను చూపించేవాడు. నేను చెప్పేవాణ్ణి. వాళ్లు మెచ్చుకుంటుంటే ఆయన గోడకి ఆనుకుని, తన కొడుక్కి ప్రైజు ఇస్తున్నట్టు నవ్వుతుండేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒక ఎండాకాలం ఏడో అంతస్తులో ఏసీ ఆగిపోయింది. అక్కడి మేనేజరు నా మొహం మీదికి వేలు పెట్టి అరుస్తున్నాడు. ఆయన ఎప్పుడు వచ్చాడో తెలియదు, మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. మేనేజరు వేలు ఇప్పుడు ఆయన చొక్కా గుండీకి తగులుతోంది. "నన్ను అనుండ్రి సార్. గాయినెను పనిజేస్కోనీయుండ్రి" అన్నాడు. ఆయన వెనక కూర్చుని నేను రిపేరు చేశాను. తిట్లన్నీ ఆయన వీపుకి అటువైపే ఆగిపోయాయి. ఆ రోజు నాకు కృతజ్ఞత కలగలేదు. 'ఏమీ తెలియనివాడికి తిట్లు తినడం తప్ప ఇంకేం పనుంది' అనుకున్నాను. ఆ మాట మల్లేశంతో పైకే అన్నాను కూడా.

ఇక సాయంత్రం చాయ్ సంగతి చెప్పాలి. ఆయన్ని తలుచుకుంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే.

పగటి షిఫ్టు వాళ్లు దిగి రాత్రి షిఫ్టు వాళ్లు ఎక్కే వేళకి, వెనక జనరేటర్ల పక్కన సిమెంటు దిమ్మె దగ్గర అందరం చేరేవాళ్లం. గేటు బయట బండి నుంచి మల్లేశం ఫ్లాస్కులో చాయ్ తెచ్చేవాడు. మల్లేశం మా ఎలక్ట్రీషియన్, నోటికి తాళం లేని మనిషి. చాయ్ పొయ్యడానికి ముందు ఒక తంతు ఉండేది. ఒక్కొక్కరు ఆ రోజు తనవల్ల జరిగిన తప్పు చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఎవరిదైతే వాళ్లకి మొదటి కప్పు. చెప్పడానికి తప్పు లేనివాడికి ఆఖరి కప్పు. ఫ్లాస్కు అడుగున చల్లారిపోయి, పొడి దిగిపోయి ఉండేది. ఆ తంతు ఎప్పుడూ ఆయనతోనే మొదలయ్యేది.

"ఇయ్యాల నాతోని అయిన తప్పు జెప్త. పొద్దుగాల గేటు కాడ కొత్త సెక్యూరిటీ పిలగాన్ని నలుగురి ముందల గదమాయించిన. తప్పు వానిది గాదు. ఇగ నువ్వు చెప్పు మల్లేశం."

"అన్నా, నేను ఒక్క బ్రేకర్ బంద్ చెయ్యబోయి ఇంకో బ్రేకర్ బంద్ చేసిన. మూడో అంతస్తుల లేడీస్ బాత్రూముల లైట్లు పోయినయి. లోపల్నుంచి ఒక మేడం ఇంగ్లీషుల తిట్టింది, ఒక్క ముక్క సమజ్ గాలె. గని మస్తు తిట్టిందన్నా."

"సమజ్ గాకుంటే మస్తు తిట్టిందని నీకెట్ల తెలిసెరా?"

"గంత సేపు ఎవ్వలు పొగడరు గదన్నా!"

అందరూ నవ్వేవారు. మల్లేశం మొదటి కప్పు అందుకుని దండం పెట్టేవాడు. హౌస్‌కీపింగ్ సాయమ్మ కూడా అక్కడికి వచ్చేది. ఆమె మా టీము కాదు, అయినా చాయ్ దగ్గర ఆమెకి చోటుండేది. "నా తప్పేముంటది సారూ, గీ ముసలిదాన్ని పెండ్లి జేస్కున్న మా ఆయినెది తప్పు" అని ఆమె రోజూ అదే అనేది. రోజూ అందరూ కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

నేను మాత్రం ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. "నా వైపు ఏం లేదండీ" అనేవాణ్ణి. ఆఖరి కప్పు, అడుగు పొడి, రోజూ నాకే. "సారుకు పొడి జర ఎక్కువ పొయ్యుండ్రే, తప్పు జెయ్యనోల్లకు బలం గావాలె" అనేవాడు మల్లేశం. దాన్ని నేను బిరుదులా తీసుకున్నాను.

ఒకసారి మల్లేశం, ఫ్యూజు దొరక్క లావుపాటి తీగ చుట్టేసి వచ్చానని ఆ చాయ్ దగ్గరే చెప్పాడు. నవ్వులు ఆగాయి. ఆయన వాడి చేతికి మొదటి కప్పు ఇచ్చి, "తాగు. తాగినంక మనిద్దరం పోయి మంచిగ చేద్దాం పా" అన్నాడు. వెళ్లి మార్చి వచ్చారు. ఆ తీగ అలాగే ఉండి ఉంటే ప్యానెల్ కాలిపోయేది. నిర్ణయం నా చేతిలో ఉంటే మల్లేశాన్ని ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి. అప్పుడు ఆ తీగ సంగతి చెప్పడానికి వాడు నోరు తెరిచేవాడే కాదన్న ఆలోచన నాకు రాలేదు.

ఇప్పుడు ఆ రోజు గురించి.

మంటలార్పే పెద్ద పంపు బేస్‌మెంట్లో ఉంటుంది. దాని ప్యానెల్ మీద ఒక పిడి. పిడి ఆటో వైపు ఉంటే, పైన నిప్పు పుట్టి పైపులో నీళ్ల ఒత్తిడి పడిపోగానే పంపు దానంతట అదే లేస్తుంది. ఒత్తిడి పడిందని పంపుకి చెప్పేది ప్రెషర్ స్విచ్ అనే చిన్న డబ్బా. పిడి మాన్యువల్ వైపు ఉంటే ఆ డబ్బా ఎంత చెప్పినా పంపు వినదు. ఎవరో ఒకరు వెళ్లి నడపాలి. ఆ పొద్దున పంపు టెస్టు చెయ్యడానికి నేను పిడిని మాన్యువల్‌కి తిప్పాను. పంపు నడిపాను, ఆపాను. అంతలో తొమ్మిదో అంతస్తు నుంచి ఫోను. విదేశాల నుంచి ఎవరో వచ్చారు, మీటింగు గది చల్లబడటం లేదు, వెంటనే రమ్మని. వెళ్లిపోయాను. పిడి అలాగే ఉండిపోయింది.

మెట్ల దగ్గర ఆయన ఎదురయ్యాడు. "పంపు టెస్టు అయిందా తమ్మీ? అన్ని మల్ల ఎట్లున్నయో అట్ల వెట్టినవా?"

"నాకు చెప్పాలాండీ?" అన్నాను.

"నీకు జెప్పేటంతటోన్ని గాదు తమ్మీ. అడిగిన, అంతే" అన్నాడు. నవ్వుతూనే దారి ఇచ్చాడు.

మధ్యాహ్నం నాలుగో అంతస్తు పాంట్రీలో చాయ్ మరిగించే మిషన్ వైరు అంటుకుంది. పక్కనే పేపరు కప్పుల అట్టపెట్టెలు. సైరన్ మోగగానే నేను కిందికి పరిగెత్తాను. పరిగెత్తుతుండగానే గుర్తొచ్చింది. పంపు గదిలో ఎవరూ లేరు. పిడి మాన్యువల్ మీద ఉంది. ఆటోకి తిప్పాను. మరుక్షణం పంపు గర్జించింది. అంటే స్విచ్ చెప్తూనే ఉంది, వినడానికి ఎవరూ లేరు.

పైన కప్పుకున్న స్ప్రింక్లర్ల నుంచి అప్పటిదాకా నీళ్లు బొట్లు బొట్లుగా పడ్డాయట. ఆ ఆలస్యంలోనే సాయమ్మ, మంట పక్క గదికి పాకకుండా అట్టపెట్టెల్ని చేత్తో లాగింది. కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

పంపు ఎందుకు ఆలస్యంగా లేచిందని అందరూ నన్నే అడిగారు. ఇంకెవర్ని అడుగుతారు? నా నోటి నుంచి తడుముకోకుండా వచ్చేసింది: "ప్రెషర్ స్విచ్ పట్టేసింది. పాతబడిందని, మార్పించాలని నేను ఎప్పుడో అన్నాను." ఎప్పుడో ఒకసారి మెట్ల మీద మాటవరసకి అన్న మాట నిజమే. ఆ నిజాన్ని తెచ్చి అబద్ధానికి కాపలా పెట్టాను. ఆయన తల పట్టుకున్నాడు. "అవును. అన్నడు. నేనే మరిచిన" అన్నాడు.

ఆ సాయంత్రం కూడా చాయ్ ఉంది. వద్దన్నారు కొందరు. ఆయనే ఉండాలన్నాడు. దవాఖాన నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా మీద మసి. ఆయన ఒక్కొక్కరి మొహం చూస్తూ చాలాసేపు ఆగాడు. నా దగ్గర కూడా ఆగాడు. నేను నేలకేసి చూశాను.

"సరే. ఇయ్యాల నాతోని అయిన తప్పు జెప్త" అన్నాడు. "ఇంజినీరు జెప్పినా స్విచ్చి మార్పియ్యలె. సాయమ్మ చెయ్యి నేనే కాల్చిన."

మల్లేశం మొదటి కప్పు ఆయనకే ఇచ్చాడు. ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు, తాగలేదు. నా వంతుకి ఎప్పటిలాగే ఆఖరి కప్పు వచ్చింది. నేను మొత్తం తాగాను, పొడితో సహా.

విచారణకి మా కంపెనీ పెద్ద సారు వచ్చాడు. నేను బొమ్మ గీసింది అప్పుడే. ఇన్‌ఛార్జ్‌ని అడిగితే ఆయన చెప్పిందీ అదే మాట, "చెప్పిండు సార్, నేను మరిచిన." ఆయన్ని బయటికి పంపి పెద్ద సారు నన్ను అడిగాడు: "ఈయనకి టెక్నికల్‌గా ఏమైనా తెలుసా?"

"తక్కువండీ" అన్నాను. అది నిజమే. అంత నీచమైన నిజం నేను మళ్లీ చెప్పలేదు.

"ఇలాంటి చోట ఎక్స్‌పర్ట్ ఉండాలి" అన్నాడు పెద్ద సారు. ఆయన్ని తీసేశారు. ఆ కుర్చీ నాకిచ్చారు.

వెళ్లిపోయే రోజు ఆయన తాళాల గుత్తి నా చేతిలో పెట్టాడు. పెట్టి, వెంటనే వదల్లేదు. మా ఇద్దరి చేతుల్లోనూ ఉంది గుత్తి. "ఇంకేమన్న జెప్పేదున్నదా తమ్మీ?" అన్నాడు.

"ఏం లేదండీ."

"మంచిది. పొద్దుగూకాల చాయ్ బంద్ వెట్టకు" అన్నాడు. అంతే అడిగాడు. ఆయనకి ఏమైనా అనుమానం ఉందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. లేదనే అనుకోవాలని ఉంటుంది. ఉందనుకున్నా, లేదనుకున్నా నాకు నిద్ర రాదు.

కొత్త ప్రెషర్ స్విచ్ వచ్చింది. పాతదాన్ని నేనే విప్పి, స్క్రాపులో వేసేముందు ఒకసారి వేలితో నొక్కాను. టక్కుమంది. కొత్తదానిలా గట్టిగా ఉంది.

చాయ్ ఆపేశాను. పని వేళలో పంచాయితీ ఏమిటన్నాను. రబ్బరు బూట్లతో తిరిగి, నిద్రపోతున్నవాళ్లని పట్టుకుని, అందరి ముందూ నిలబెట్టాను. యంత్రాలు మొదట్లో బ్రహ్మాండంగా నడిచాయి, ఎందుకంటే అన్నీ నేనే చూసేవాణ్ణి. ఎక్కడ ఏది ఆగినా "సారొస్తరు" అని చేతులు కట్టుకుని నిలబడేవారు. నేను వెళ్లి బాగుచేసేవాణ్ణి. నా చుట్టూ మనుషులు నిలబడి చూస్తుండేవారు, ఒక్కరూ స్క్రూడ్రైవర్ అందించేవారు కాదు. అడిగితే తప్ప మాట్లాడేవారు కాదు. అడిగినా "ఏం లేదు సార్" అనేవారు. ఆ మాట నాదే. నా నుంచే నేర్చుకున్నారు.

ఒక రోజు లిఫ్టు మనుషులతో సహా మధ్యలో ఆగిపోయింది. వాళ్లని బయటికి తీసి, వెతికి చూస్తే ఒక కేబులు చాలా రోజులుగా మాడిపోతోంది, దాని మీద ఎవరో టేపు చుట్టారు. చుట్టింది మల్లేశం. ప్రతి తప్పునీ పాటలా పాడిన మల్లేశం.

"ఎందుకు చెప్పలేదయ్యా?" అని అరిచాను.

వాడు తల దించుకోలేదు. "ఎవలికి జెప్పాలె సార్? మీకు తప్పు జెప్తే తప్పు కాడ ఆగుతరా? మా అమ్మానాయన దాక పోతరు" అన్నాడు. తర్వాత మెల్లగా, "అప్పుడు చాయ్ ఉండె సార్" అన్నాడు.

కేబులు ఎందుకు మాడిందో నేను గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. వాడు ఎందుకు దాచాడో తెలుసుకోవడం నా చదువులో లేదు. ఆయనకి వచ్చిన పని అదొక్కటే. ఆ ఒక్క పనీ రావడం వల్ల మిగతా పనులన్నీ మాలాంటివాళ్లు ఆయనకి చేసిపెట్టేవాళ్లం. నేను అది అర్థం చేసుకునేసరికి నాకు జుట్టు నెరిసింది.

అప్పుడైనా ఆయన దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఆయనే ఫోన్ చేశాడు. కోకాపేటలో ఏదో అపార్ట్‌మెంటుల్లో సూపర్‌వైజరుగా చేరాడట.

"బాగున్నవా తమ్మీ? ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. గీడ పంపు ప్రెషర్ స్విచ్చి ఎన్ని రోజులకు ఒక్కపాలి మార్పియ్యాలె? నాకు తెల్వది, గందుకే నిన్ను అడుగుతున్న. గప్పుడు మరిచి ఒక ఆడిబిడ్డ చెయ్యి కాల్చిన. మల్ల అట్ల గావొద్దు."

ఆ క్షణం నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. నోరు తెరిచాను. ఏ రకం స్విచ్ అయితే ఎలా పరీక్షించాలో, ఎలా శుభ్రం చెయ్యాలో, ఎప్పుడు మార్చాలో వివరంగా, తప్పులేకుండా చెప్పాను. "జర మెల్లగ చెప్పు తమ్మీ, మర్చిపోత" అంటూ ఆయన ప్రతి మాటా తిరిగి పలికాడు. పెట్టేసేముందు, "నీ అసొంటోడు ఒక్కడు పక్కకుంటే ఎవ్వనికైన ఫికర్ ఉండది" అన్నాడు.

నాతో ఆయన అన్న ఆఖరు మాట అదే. దవాఖానలో గుండె ఆగి పోయాడని మల్లేశం చెప్పాడు.

దినం రోజు నార్సింగి వెళ్లాను. అవుటర్ రింగ్ రోడ్డుకి ఇవతల, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న సందులో ఇల్లు. ముందు టెంటు. కుర్చీలో ఆయన ఫోటో, దండ. పాత టీము చాలామంది వచ్చారు. నన్ను చూసి కొందరు లేచి నిలబడ్డారు. అది గౌరవం కాదు, అలవాటు. సాయమ్మ ఫోటో పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఆమె కుడిచేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. ఎడం చేత్తో అన్నం తింటోంది.

"నా చేతికి మందు వెట్టిపిచ్చింది ఆయినెనే సారూ" అంది, నేను చెయ్యి వైపు చూడటం చూసి. "పట్టీ మార్సినప్పుడల్ల బండి మీద దవాఖానకు తోల్కపొయ్యేటోడు. నేను ఏడ్వకున్న ఆయినె ఏడ్చేటోడు. నా వల్లనే అయింది సాయమ్మా, నా వల్లనే అయింది అనుకుంట. ఇగ సాలు తియ్యన్నా అని నేనే గదిమేది."

ఆయన భార్య గడప దగ్గర నిలబడి వింటోంది. "ఆఖరు దాక గదే ముచ్చట" అంది. "దవాఖానల ముక్కుకు పైపు వెట్టిన్రు. అయిన గా నర్సును పిలిచి, అమ్మా, మీ పంపు ఆటోల ఉన్నదా, స్విచ్చి మంచిగున్నదా అని అడిగిండు. గామె పరేషాన్ అయింది."

నవ్వాలో ఏడవాలో తెలియక కొందరు అటు తిరిగారు.

భోజనాలయ్యాక మల్లేశం సందు చివరి హోటల్ నుంచి చాయ్ తెచ్చాడు. అదే పాత ఫ్లాస్కు అనుకుంటాను, మూత మీద అదే సొట్ట. పేపరు కప్పులు వరసగా పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే అందరూ గుండ్రంగా చేరారు. ఎవరూ కప్పు ముట్టుకోలేదు. అలవాటు అంత గట్టిది. మల్లేశం మొదటి కప్పు నింపి, ఒకసారి అందరి వైపూ చూసి, తీసుకెళ్లి ఫోటో ముందు పెట్టాడు.

"మన టీముల అందరికంటె పెద్ద తప్పు అన్నదే గద" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "మొదటి కప్పు అన్నదే."

చాయ్ మీంచి ఆవిరి లేచి ఫోటో అద్దానికి పట్టింది.

"మల్లేశం, ఆ కప్పు అక్కణ్ణుంచి తియ్యి" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. వాడి మొహంలో పాత భయం కనిపించింది, నేను తిడతానని.

"అది ఆయనది కాదు. నాది."

నేను లేచి నిలబడ్డాను. మొత్తం చెప్పాను. పిడి సంగతి, తొమ్మిదో అంతస్తు ఫోను సంగతి, మెట్ల మీద ఆయన అడిగితే నేనన్న మాట, ఖాళీ పంపు గది, బోర్డు మీద గీసిన బొమ్మ, టక్కుమన్న స్విచ్. కోకాపేట నుంచి వచ్చిన ఫోను కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు ఆయన భార్య గడప మీద చతికిలబడింది.

ఎవరైనా తిట్టినా బాగుండేది. సాయమ్మ ముడుచుకోని వేళ్లని ఎడం చేత్తో పట్టుకుని నా వంకే చూసింది.

"ఆయినెకు ఎరుక గాకనే పోయిండు గద సారూ" అంది. "బతికుండంగ ఒక్క మాట జెప్తే ఏమయ్యేది?"

"తెలియదు సాయమ్మా" అన్నాను. "నీ చెయ్యి కాలింది నా వల్ల. ఆయన వల్ల కాదు. నన్ను క్షమించమని అడగను. ఇది నీకు తెలియాలి, అంతే." గడప వైపు తిరిగి, "అమ్మా, ఆయన ఏదీ మరిచిపోలేదు" అన్నాను. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మల్లేశం ఆ కప్పు తియ్యలేదు, నాకు ఇవ్వలేదు. అది అక్కడే చల్లారుతోంది. ఇంకా మాట్లాడాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఫోటో ముందుకి వెళ్లి నేల మీద కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆ పిలుపు నా నోట రాలేదు. నలుగురికీ వినపడేలా, ఆయన మాకు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను.

"అన్నా, నా వల్ల జరిగిన తప్పు చెప్తున్నాను. ఇవాళ్టిది కాదు. నువ్వు అడిగిన రోజున చెప్పనిది. నీ తప్పు ఏమీ లేదన్నా. తప్పు నాది. క్షమించన్నా."